దశమభాగం ఆపలేదు, అప్పు తీరలేదు, నేనెక్కడ తప్పాను? అని అడిగిన తమ్ముడికి

వందనాలు బాబూ. నీ ప్రశ్న నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి చదివాను. వయసులో బాగా పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

మిగతావాళ్ళకు తెలియడానికి నీ మాటే క్లుప్తంగా చెప్తాను. పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. నాలుగేళ్ళుగా జీతంలో దశమభాగం, అంటే సంఘానికి ఇచ్చే పదోవంతు, ఒక్క నెల కూడా ఆపలేదు. ఆదివారం షిఫ్ట్ వేస్తున్నారని మంచి ఉద్యోగం ఒకటి వదులుకున్నావు, తర్వాత దొరికినదాంట్లో జీతం తక్కువ, అప్పు పెరిగింది. దేవుని మాట వింటే దీవెనలన్నీ మన మీదికి వస్తాయని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో ఉంది కదా, నేను విన్నాను, రాలేదు, మా పాస్టర్‌గారేమో నీలో ఏదో దాచిన పాపం ఉంది వెతుక్కో అంటున్నారు, రెండేళ్ళ నుంచి వెతుకుతున్నాను, నేనెక్కడ తప్పాను, అన్నావు.

నేను పాస్టర్‌ని కాదు. ఒంగోలు దగ్గర ఒక పల్లె మాది. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను, సండే స్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా చెప్పాను, ఇరవై రెండేళ్ళు మా సంఘానికి కోశాధికారిని. ఈ చివరి సంగతే నీకు పనికొస్తుంది, అందుకని అక్కడ మొదలుపెడతాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో బల్ల మీద కానుకల సంచి బోర్లిస్తాం. కవర్లు ఒక పక్క, విడి నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క. కవర్ మీద పేరు, లోపల ఎంతుందో చూసి పుస్తకంలో ఎక్కించాలి. విడి నోట్లు నాలుగు మడతలు పెట్టి ఉంటాయి, కొన్ని చెమటకు తడిసి గుడ్డ పీలికల్లా మెత్తబడి ఉంటాయి, చీర కొంగున ముడేసుకుని తెచ్చినవి. వాటిని విప్పి, అరచేత్తో సాపు చేసి, గాంధీ బొమ్మ ఒకే వైపు వచ్చేలా పేర్చి లెక్కపెట్టాలి. ఎవరు ఎంత ఇస్తారో, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో రెండూ తెలిసినవాళ్ళం మా సంఘంలో ఇద్దరమే, పాస్టర్‌గారూ నేనూ. లెక్కల మాస్టారి బుద్ధి ఊరుకోదు కదా, ఎన్నోసార్లు ఆ పుస్తకం ముందు పెట్టుకుని మనసులోనే ఇంకో వరుస రాసుకున్నాను. ఈ ఇంట్లో పెద్ద కవర్, ఈ ఇంట్లో ఎదిగిన కొడుకు పోయాడు. ఈ ఇంట్లో ఏనాడూ కవర్ లేదు, మూడంతస్తులు లేచాయి. ఇంకో ఇంట్లో కవర్ మానలేదు, పిల్లలు బాగా స్థిరపడ్డారు, వాళ్ళు సాక్ష్యం చెప్పారు, అదీ నిజమే. ఆ రెండు వరుసలకీ నాకు ఏ సూత్రమూ దొరకలేదు. ఇరవై రెండేళ్ళు చూశాక చెప్తున్నాను బాబూ, కవర్‌లో పెట్టినదానికి ఇంట్లోకి వచ్చినదానికి లెక్క కుదర్చడం నావల్ల కాలేదు, కుదిరిందని ఎవరైనా అంటే వాళ్ళు కుదిరిన పేజీలే చూపిస్తున్నారని అర్థం.

ఇక ఆ 'దాచిన పాపం' సంగతి. లూకా సువార్త మొదటి అధ్యాయం తీయి. జెకర్యా, ఎలీసబెతు. ఆరో వచనంలో వాళ్ళిద్దరూ ప్రభువు ఆజ్ఞలన్నిటి చొప్పున నిరపరాధులుగా నడుచుకున్నారు, దేవుని దృష్టికి నీతిమంతులు అని రాసి ఉంది. ఏడో వచనంలో వాళ్ళకు పిల్లలు లేరు, ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. ఆ రెండు వచనాలకూ మధ్య లూకా ఏ వివరణా ఇవ్వలేదు, ఏ పాపమూ వెతకలేదు. తర్వాత యోహాను పుట్టాడు కదా అంటావేమో. పుట్టాడు. కానీ ఆరో వచనంలో ఇచ్చిన సర్టిఫికెట్ బిడ్డ పుట్టాక ఇచ్చినది కాదు, ఒడి ఖాళీగా ఉన్న రోజుల్లోదే. పైగా 'గొడ్రాలు' అన్న మాట ఎలీసబెతు జీవితమంతా ఊళ్ళో విని ఉంటుంది, దేవుని పుస్తకం మాత్రం ఆ మాటకంటే ముందు 'నీతిమంతులు' అని రాసింది.

అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాక మీ పాస్టర్‌గారు చెప్పినదే చెప్పారు, అధ్యాయాల కొద్దీ, ఎంత చక్కటి భాషలోనో. చివర్లో దేవుడు కోపగించింది యోబు మీద కాదు, వాళ్ళ మీద. మీ పాస్టర్‌గారిని నేను తిట్టడం లేదు, ఆయన్ని నేనెరగను. కష్టానికి కారణం చెప్పకపోతే తన పని చేయనట్టు అనిపిస్తుంది పాపం ఆ స్థానంలో ఉన్నవాళ్ళకి. అయినా తప్పు తప్పే. రెండేళ్ళు వెతికినా దొరకని పాపాన్ని వెతకడం ఆపెయ్యి. దేవుడు మన తప్పు చూపించాలనుకుంటే దాగుడుమూతలు ఆడడు, నేరుగా ముఖం మీదే చెప్తాడు, అది నాకు ఒకసారి జరిగింది, కాస్త ఆగి చెప్తాను.

ఈ లెక్క మనకు ఎక్కడి నుంచి అంటుకుంది అని ఆలోచిస్తే నాకు డిసెంబరు 31 రాత్రి గుర్తొస్తుంది. పన్నెండు గంటల ప్రార్థన అయ్యాక పళ్ళెంలో వాగ్దాన కార్డులు పెట్టుకుని వస్తారు, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. తీసి, లైటు కిందికి పోయి చదువుకుంటాం. 'నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు' వచ్చినవాడు ఏడాదంతా బీరువా అద్దానికి అంటించుకుంటాడు. నేనూ అంటించుకున్నవాణ్ణే. కానీ ఒక సంగతి గమనించు, ఆ ద్వితీయోపదేశకాండం 28లో మొత్తం 68 వచనాలున్నాయి, దీవెనలు మొదటి పద్నాలుగు, మిగతా 54 శాపాలు. కార్డులు అచ్చువేసేవాళ్ళు పద్నాలుగో వచనం దగ్గర ఆగిపోతారు. ఆ అధ్యాయం అసలు ఎవరితో అంటున్నది? కనానులోకి అడుగుపెట్టబోయే ఒక జాతి మొత్తంతో, మోయాబు దేశంలో నిలబెట్టి చేసిన నిబంధన. మీరు ఇలా బతికితే మీ దేశం ఇలా ఉంటుంది, అలా బతికితే అలా అయిపోతుంది అని. ఒక జనం అంతా న్యాయం తప్పితే ఆ ఊళ్ళో నీతిమంతుడి పొలం కూడా ఎండుతుంది, యిర్మీయా ప్రవక్త ఏం తప్పు చేశాడని గోతిలో బురదలో దిగబడ్డాడు? దాన్ని విడదీసి ఒక్కొక్కడి జీతం కాగితానికి తగిలించడం ఆ అధ్యాయానికి అన్యాయం.

దీవెన అంతా ఆత్మీయమే బాబూ, డబ్బు గురించి ఆలోచించకు అని చెప్పి తప్పించుకోను. అద్దె ఆత్మీయంగా కట్టలేం. గంపను, పిండి పిసికే తొట్టిని దీవిస్తానని ఆ అధ్యాయంలోనే ఉంది, దేవుడికి వంటిల్లు అంటే పట్టదని నేను అనను. 'నీ చేతుల కష్టార్జితము ననుభవించెదవు' అని 128వ కీర్తనలో ఉంది, అది నాకు చాలా ఇష్టమైన మాట, మా నాన్న భోజనానికి ముందు రోజూ అదే చెప్పేవాడు. నేను కాదనేది దీవెనను కాదు, బేరాన్ని.

ఇక్కడ మన తెలుగులో ఒక మంచి సంగతి ఉంది. విధేయత అనేది పుస్తకాల మాట, ఇంట్లో ఎవరం అనం. పిల్లాడు అల్లరి చేస్తే 'వాడు మాట వినడు' అంటాం. చెవులు వినపడవని కాదు కదా, చెప్పింది చేయడు అని. హెబ్రీలోనూ అంతే, షమా అంటే వినడం, అదే లోబడడం కూడా. సౌలు రాజుతో సమూయేలు ప్రవక్త అన్నది అదే, పొట్టేళ్ళ కొవ్వు అర్పించడం కంటే 'మాట వినుటయు శ్రేష్ఠము' అని. ఆ కథలో నాకు భలే నచ్చేది దానికి కాస్త ముందు. సౌలు ఎదురొచ్చి యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను అని గొప్పగా చెప్తాడు. సమూయేలు వెంటనే, మరి నాకు వినబడుతున్న ఈ గొర్రెల అరుపులు ఎక్కడివి అంటాడు. శత్రువుల పశువులన్నీ చంపమంటే, చంపకుండా మంచివి ఏరి ఉంచుకున్న గొర్రెలు వెనక అరుస్తున్నాయి. వాటిని బలి ఇవ్వడానికే ఉంచాం అని సౌలు సాకు. అంటే అవిధేయత కూడా కానుక వేషంలో వచ్చింది.

ఇప్పుడు నా గొర్రెల సంగతి. 2009లో ఇల్లు కట్టుకున్నాను. తాపీ మేస్త్రీ పక్క ఊరి మనిషి, గోడ గీత గీసినట్టు నిటారుగా లేపేవాడు, మాట తక్కువ. పని అయ్యాక ఎనిమిది వేలు బాకీ ఉండిపోయింది. అమ్మాయి ఇంజనీరింగు ఫీజు మీద పడింది, వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఏడు నెలలు తిప్పాను. ఆ ఏడు నెలలూ నా దశమభాగం కవర్ మాత్రం ఒక్క ఆదివారం తప్పలేదు, ఎందుకంటే కోశాధికారి కవర్ రాకపోతే ఎలా. ఒక ఆదివారం నేను ఆ వెనక గదిలో నోట్లు పేరుస్తుంటే కిటికీ దగ్గర నీడ కనబడింది. చెప్పులు బయట విడిచి, గుమ్మం దాకా రాకుండా, గేటుకీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు మేస్త్రీ. బయటికి వెళ్ళాను. "మాస్టారూ, పిల్లకి ఒంట్లో బాగోలేదు, ఓ రెండు వేలైనా సర్దుతారేమో అని..." అన్నాడు. నా వేళ్ళకు నోట్ల మురికి అంటుకుని ఉంది. "ఇక్కడ ఈ లెక్క చూసుకున్నాక కబురు చేస్తాలే" అన్నాను. సరేనండి అని తల ఊపి వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయాను కాబట్టి.

ఆ వారంలోనే సండే స్కూలు పెద్ద పిల్లలకు మలాకీ ప్రవక్త గ్రంథం చెప్పాల్సి వచ్చింది. మూడో అధ్యాయం పదో వచనం, ఆకాశపు వాకిండ్లు విప్పి పట్టజాలనంత విస్తారమైన దీవెనలు, నోటికి వచ్చినదే. పాఠం రాసుకుంటూ కాస్త పైకి చూశాను. అదే అధ్యాయం ఐదో వచనం. నేను తీర్పు తీర్చడానికి వస్తాను అంటూ దేవుడు ఎవరెవరి మీదికి వస్తాడో వరుసగా చెప్తున్నాడు, మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణికులు, ఆ వరుసలోనే కూలి విషయంలో కూలివాణ్ణి బాధపెట్టేవాళ్ళు. పదో వచనం వందలసార్లు విన్నాను, వినిపించాను, ఐదో వచనం మీద ప్రసంగం ఒక్కటీ గుర్తు రావట్లేదు. యాకోబు పత్రికలో 'బిగపట్టిన కూలి' అని ఒక మాట ఉంది, ఆ కూలి మొర పెడుతుందట. దాగుడుమూతలు ఆడడు అన్నానే, ఇదే. నేను ఏమీ వెతకలేదు. నాకు ముందే తెలుసు.

ఆ సాయంత్రమే చీటీ డబ్బులో నుంచి ఎనిమిది వేలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మేస్త్రీ లేడు. భార్య తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. కూర్చోమనలేదు. పిల్లకి ఎలా ఉందమ్మా అంటే "తగ్గింది" అని లోపలికి వెళ్ళిపోయింది. అంతే. ఆ నెల ఫీజుకు నేను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను, అది తీర్చడానికి ఏడాది పైన పట్టింది. మాట విన్నాను కదా అని ఆకాశం నుంచి ఏమీ పడలేదు, నష్టమే వచ్చింది. కాకపోతే ఆ రోజు రాత్రి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మేస్త్రీ ముఖం అడ్డం రాలేదు, అన్ని నెలల తర్వాత. దానికి ఏం పేరు పెట్టుకుంటావో నీ ఇష్టం, నేను మాత్రం దాన్ని దీవెన లెక్కలోనే వేసుకున్నాను.

అన్నట్టు దశమభాగం గురించి ఇంకో సంగతి, మన సంఘాల్లో దాదాపు ఎవరూ చెప్పనిది. ద్వితీయోపదేశకాండం 14 చివర చూడు. మూడేళ్ళకొకసారి ఆ పంటలో పదోవంతు మొత్తం ఊళ్ళోనే ఉంచాలి, గుడి సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినాలి, అలా తింటే నీ చేతిపని అంతటిలో దేవుడు ఆశీర్వదిస్తాడు అని ఉంది. అంటే దీవెన ముడిపడింది పక్కింటివాడి ఆకలి తీరడంతో. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కడగబోయే ముందు, ఒక పిడికెడు తీసి మూల కుండలో వేసేది, పూట పూటా. దేవుడి బియ్యం అవి. అన్నం సరిపోని పూట కూడా పిడికిలి తగ్గేది కాదు, మేం గుర్రుగా చూసేవాళ్ళం. నెలాఖరుకు ఆ కుండ చర్చికి వెళ్ళేది, అక్కడి నుంచి ఎవరో ఒక ముసలమ్మ ఇంటికి. తెలుగునాట పాత సంఘాలు ఎన్నో ఆ పిడికెడు బియ్యం మీదే నిలబడ్డాయి. దానికి బదులుగా ఏదో వస్తుందని మా అమ్మ అనుకుందని నేననుకోను, అడిగితే 'ఉన్నదాంట్లోది' అనేది.

అబ్రాహాము దీవెన అని మనం అంటుంటాం కదా, అది ఒకసారి దగ్గర నుంచి చూడు. లేచి బయలుదేరు అంటే బయలుదేరాడు. ఈ దేశమంతా నీకిస్తాను అన్నాడు దేవుడు. చివరికి శారా చనిపోతే పూడ్చడానికి జాగా లేక హిత్తీయుల దగ్గర బేరమాడి నాలుగు వందల తులాల వెండి తూచి ఒక పొలం, అందులో ఒక గుహ కొన్నాడు. వాగ్దాన దేశంలో ఆయన డబ్బిచ్చి కొనుక్కున్నది సమాధి స్థలం. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చివర వీళ్ళందరూ విశ్వాసం వల్ల సాక్ష్యం పొందారు గానీ వాగ్దాన ఫలం అనుభవించలేదు అని తేల్చి చెప్తుంది. ఆదికాండం 12లో ఆయనకు ఇచ్చిన మాటల్లో ఒకటి మనం తొందరగా దాటేస్తాం, 'నీవు ఆశీర్వాదముగా నుందువు'. ఆశీర్వాదం పొందడం వేరు, ఆశీర్వాదంగా ఉండడం వేరు, రెండోదాంట్లో లాభం ఎక్కువగా వేరేవాళ్ళ ఇంటికి పోతుంది, ఒక్కోసారి ఇంకా పుట్టనివాళ్ళకి.

నాకు ఇది పుస్తకం చదివి తెలిసింది కాదు. మేం మాదిగలం. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో మా ముత్తాత బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే ఆయన ఇవ్వలేదు, ఏడాదికి పైగా ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారేమో అని. కరువు సాయం అయిపోయింది, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు అని చెప్పాక కూడా వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. మా ముత్తాత అందులో ఉన్నాడో, ముందు రోజు 614 మందిలో ఉన్నాడో, తర్వాత రోజు 700 మందిలో ఉన్నాడో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. నాకు ఇందులో ముఖ్యమైనది, దీవెన చూసి లోబడేవాళ్ళను ఆ మనిషి ఎంత అనుమానంగా చూశాడో. ఇవాళ మనం స్టేజీ మీద నుంచి పిలిచేదే దీవెన చూపించి.

లోబడ్డాక వాళ్ళకు ఏం వచ్చింది? క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. కానీ రైతు పిలిస్తే ఏ రోజైనా వెళ్ళాల్సిన మనిషి ఆదివారం రాను అంటే, జాతరకు డప్పు కొట్టాల్సిన మనిషి కొట్టను అంటే ఊరు ఊరుకుంటుందా? పని ఆపేశారు. తిట్టారు, కొట్టారు. మా ముత్తాత పోయేనాటికి సెంటు భూమి లేదు. తాత మిషన్ బళ్ళో నాలుగు తరగతులు చదివాడు. నాన్న టీచరు, నేను టీచర్ని, మా అమ్మాయి ఇంజనీరు. ఆయన వదులుకున్న కూలి డబ్బులకు బదులు నేను పలకా బలపం పట్టుకున్నాను అనిపిస్తుంది నాకు, అయినా ఇది కూడా సూత్రం అని చెప్పను, ఆ నీళ్ళలోనే మునిగిన ఇంకొందరి మునిమనవలు ఇవాళ్టికీ కూలికే వెళ్తున్నారు. పైగా ఒక ధర ఇంకా కడుతూనే ఉన్నాం, మా నాన్న కాగితాల మీద క్రైస్తవుడనే నిజం రాయించాడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులమైన మాకు ఎస్.సి. వర్తించదు, బి.సి.-సి. కిందికి వస్తాం, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. ఆ ఉత్తర్వు న్యాయమా అంటే కాదనే నేను అంటాను, అది వేరే పెద్ద గొడవ, ఇక్కడ వద్దు.

పేతురు చేపల సంగతి కూడా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. రాత్రంతా పట్టి ఏమీ దొరక్క, వలలు కడుక్కుంటున్నారు వాళ్ళు. కొత్తపట్నం తీరంలో చూడు, కడిగి ఆరేసిన వల మళ్ళీ నీళ్ళలో వేయమంటే జాలరి ఎలా చూస్తాడో, అదీ ఎండెక్కాక, అదీ వడ్రంగి కొడుకు చెప్తే. 'నీ మాట చొప్పున వలలు వేతును' అన్నాడు, రెండు పడవలు మునిగేంత పడ్డాయి. మన ప్రసంగాలు అక్కడ ఆగిపోతాయి. తర్వాత మూడు వచనాలు దాటితే వాళ్ళు దోనెలను ఒడ్డుకు చేర్చి సమస్తం విడిచిపెట్టి ఆయన వెంట వెళ్ళారు. జీవితంలో అంత పెద్ద వేట ఎప్పుడూ పడి ఉండదు, దాన్ని ఇసుక మీద వదిలేశారు. చేపలు ఎవరు తిన్నారో లూకా రాయలేదు, నా ఊహ మాత్రం ఆ ఒడ్డున ఉన్న జనమే.

ఇప్పుడు నీ ఉద్యోగం. దాని గురించి సూటిగా చెప్తాను. ఆదివారం పని చేయడం పాపం అని నేను చెప్పను. మా సంఘంలో నర్సులున్నారు, కండక్టర్లున్నారు, ఒక కానిస్టేబుల్ ఉన్నాడు, వాళ్ళు వారం మధ్యలో ఉపవాస ప్రార్థనకు వస్తారు. విశ్రాంతిదినం మనుషుల కోసం అని ప్రభువే చెప్పాడు. కానీ నువ్వు ఆ రోజు ఆయన కోసమే అని మనస్సాక్షిగా వదులుకున్నావా, అది ఆయన మరచిపోడు, దాన్ని తెలివితక్కువ పని అని ఇప్పుడు నిన్ను నువ్వు తిట్టుకోకు. అయితే లోపల ఒక్క ప్రశ్న అడుక్కో. వదులుకున్నప్పుడు దీనికంటే పెద్దది ఇస్తాడులే అనుకుని వదులుకున్నావా? దానియేలు మూడో అధ్యాయంలో, రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కని ముగ్గురు యూదులు అగ్నిగుండం ముందు రాజుతో మా దేవుడు రక్షించగలడు అంటారు, వెంటనే ఒకవేళ 'రక్షింపకపోయినను' నీ ప్రతిమకు మొక్కం అంటారు. ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఒక్క వాగ్దాన కార్డు మీద కూడా చూడలేదు. మళ్ళీ అలాంటి షిఫ్ట్ ఉద్యోగం వస్తే మీ ఇద్దరూ కూర్చుని ఆలోచించుకుని తీసుకో, ఇంట్లో గడవడం కూడా దేవుడు నీకప్పగించిన పనే.

చేయాల్సినవి కొన్ని చెప్తాను, పెద్దవాడి మాటగా విను. పిల్లల విషయంలో ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇద్దరూ అంటున్నాను. మన ఇళ్ళల్లో ఆడపిల్లను ఒక్కదాన్నే తిప్పుతారు, పరీక్షలన్నీ ఆమెకే, మగవాడు బయట బెంచీ మీద కూర్చుంటాడు, లోపం అతనిలో ఉంటే అది బయటపడేది ఎప్పటికో. ముందు నీ పరీక్ష చేయించుకో, ఖర్చు కూడా తక్కువ. ప్రార్థన మానమని కాదు, నువ్వు మందు బిళ్ళ వేసుకునేటప్పుడు కూడా ప్రార్థన చేసుకుంటావు కదా, అలాగే.

వడ్డీకి తెచ్చి దశమభాగం ఇస్తున్నావా? నీ మాటల్లో నాకు ఆ అనుమానం వచ్చింది. ఇస్తుంటే ఆపెయ్యి. కోశాధికారిగా చెప్తున్నాను, ఆ కవర్ నాకొద్దు. శక్తికి మించి కాదు, కలిమి కొలది ఇచ్చినదే ప్రీతికరం అని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ పక్కన ఎవరైనా 'విత్తనం కానుక' వేయి, వందరెట్లు వస్తుంది అంటే దూరంగా జరుగు. అమ్మానాన్నల మందులకు పోవాల్సిన డబ్బు 'కొర్బాను', దేవుడికి ఇచ్చేశాం అనేవాళ్ళను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు ఏడులో చదువు. మీ పాస్టర్‌గారితో కూడా మాట్లాడు, గొడవ పడకు, గౌరవంగానే, అయ్యగారూ రెండేళ్ళు వెతికాను, నాకు కనబడలేదు, మీకు ఏదైనా కనబడితే నా ముఖం మీద చెప్పండి, లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకుని మా ఇద్దరి కోసం ప్రార్థన చేయండి అను. మలాకీ మొదటి రెండు అధ్యాయాల్లో చీవాట్లు ఎక్కువ యాజకులకే పడ్డాయి, ఆ సంగతి ఆయనకు గుర్తుచేయాల్సిన అవసరం మాత్రం నీకు లేదు.

ఒక్కటి నువ్వు రాయలేదు, నాకు అదే మనసులో మెదులుతోంది. ఆ దాచిన పాపం మాట ఆయన అన్నప్పుడు మీ ఆవిడ పక్కనే ఉందా? ఆ రెండేళ్ళూ నువ్వు వెతుక్కుంటుంటే ఆమె తనలో తాను ఏం వెతుక్కుందో ఎప్పుడైనా అడిగావా? ఈ రాత్రి లూకా ఒకటో అధ్యాయం ఆరు, ఏడు వచనాలు ఆమెకు చదివి వినిపించు. ఎనిమిదో వచనానికి వెళ్ళకు, అక్కడే ఆపు.

అప్పు ఎంత, ఎవరెవరి దగ్గర, నూటికి నెలకు ఎంత వడ్డీ, జీతం చేతికి ఎంత వస్తుంది, ఈ నాలుగూ విడిగా రాసి పంపు. ఏది ముందు తీర్చాలో కాగితం మీద లెక్క వేసి పెడతాను, ఆ లెక్క మాత్రం నాకు బాగానే వచ్చు.